గ్రానైట్ ట్రైలర్లకు జోస్ట్ జేఎస్‌కే 37 ఫిఫ్త్ వీల్: కరీంనగర్ బండ దుమ్ములో ఎంతవరకు నమ్మొచ్చు?

గంగాధర, కొత్తపల్లి, మానకొండూరు వైపు క్వారీల్లో తిరిగే 22 చక్రాల ట్రైలర్‌కు జోస్ట్ కంపెనీ జేఎస్‌కే 37 ఫిఫ్త్ వీల్, అంటే ట్రైలర్‌ను ముందు బండికి తగిలించే పలక, సరిపోతుందా? సరిపోతుంది. లెక్క వేసి చూస్తే కొంత మిగులు కూడా ఉంటుంది. లోడు బరువుకు భయపడి ఇంతకంటే పెద్దది వెతకాల్సిన పని లేదు. ఈ ప్రాంతంలో దీన్ని తినేసేది బరువు కాదు, బండ దుమ్ము. గ్రీజు మీద గ్రీజు పూస్తూ, పాతది తీయకుండా నడిపే బండి మీద ఎంత మంచి ఫిఫ్త్ వీల్ బిగించినా దాని ఆయుష్షు సగమే. కాబట్టి దీన్ని కొనాలా వద్దా అన్నదానికి జవాబు, మీ షెడ్డులో ఎవరైనా వారానికోసారి దాన్ని విప్పి తుడుస్తారా లేదా అన్నదాని మీద ఉంది.

ముందు వస్తువు సంగతి. ఇది పోత పలకతో చేసిన రెండు అంగుళాల ఫిఫ్త్ వీల్. రెండు అంగుళాలంటే ట్రైలర్ కింద ఉండే కింగ్ పిన్ మెడ సైజు, కచ్చితంగా చెప్పాలంటే 50.8 మి.మీ. మామూలు ట్రైలర్లు చాలావరకు ఈ పిన్‌తో వస్తాయి. మూడున్నర అంగుళాల పిన్ భారీ యంత్రాలు మోసే లోబెడ్లకు వాడతారు. పలక మీద రెండు అంకెలు ముఖ్యం: పైనుంచి 20 టన్నుల బరువు మోస్తుంది, డీ విలువ 152 కిలోన్యూటన్లు. ముందు బండీ ట్రైలరూ ఒకదాన్నొకటి లాగుకుంటూ నెట్టుకుంటూ పోయేటప్పుడు పడే బలాన్ని కప్లింగ్ ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పేదే ఈ డీ విలువ.

మన బండికి ఎంత కావాలో చూద్దాం. 2018 జూలైలో పెంచిన యాక్సిల్ బరువుల ప్రకారం ముందు యాక్సిల్‌కు 7 టన్నులు, వెనక జంట యాక్సిల్‌కు 21, ట్రైలర్ మూడు యాక్సిళ్లకు 27, మొత్తం 55 టన్నులు. ముందు బండి ఖాళీగా 10 టన్నులుంటే పిన్ మీద 18 టన్నులు పడొచ్చు. అప్పుడు ముందు బండి మొత్తం 28, పిన్ బరువుతో కలిపి ట్రైలర్ మొత్తం 45 టన్నులు. 28ని 45తో, ఆపైన 0.6తో హెచ్చించి, రెండు బండ్ల మొత్తంలోంచి పిన్ బరువు తీసేసిన 55తో భాగించి, 9.81తో హెచ్చిస్తే 135 కిలోన్యూటన్ల దగ్గర వస్తుంది. 152 కన్నా తక్కువే. పిన్ బరువు 18, అదీ 20 కన్నా తక్కువే. చట్టం ఒప్పుకునే లోడుకు ఈ వస్తువు నిశ్చింతగా చాలు.

అయితే ఆ 18 టన్నులు 18 గానే ఉండాలంటే బండను ఎక్కడ దించుతున్నారో చూడాలి. క్రేన్ ఆపరేటర్‌కు తొందర, డ్రైవర్‌కు తొందర, అసలు పొరపాటు అక్కడే జరుగుతుంది. కింగ్ పిన్ నుంచి మూడు యాక్సిళ్ల మధ్యకు 7.7 మీటర్లున్న ట్రైలర్ తీసుకోండి. ఖాళీ బరువు 8.5 టన్నులు, అందులో 2.5 పిన్ మీద, 6 యాక్సిళ్ల మీద ఉందనుకుందాం. ఇక యాక్సిళ్లు మోయగలిగేది 21, పిన్ మోయగలిగేది 15.5, మొత్తం లోడు 36.5 టన్నులు. ఆ లోడు బరువు మధ్య పిన్ నుంచి 4.4 మీటర్ల దగ్గర పడాలి. రెండు బండలు సమానంగా ఉంటే మొదటిదాని మధ్య 2.6 మీటర్ల దగ్గర, రెండోదాని మధ్య 6.2 దగ్గర. అదే లోడు ఒక్క మీటరు ముందుకు జరిగితే పిన్ మీద 4.7 టన్నులు పెరిగి 22.7 అవుతుంది. ఫిఫ్త్ వీల్ హద్దు దాటింది, వెనక జంట యాక్సిల్ హద్దూ దాటింది, కాటా మీద మొత్తం మాత్రం 55 టన్నులే చూపిస్తుంది. అందుకే మీ ట్రైలర్ మీద టేపు పెట్టి కొలిచి, ఆ బిందువు దగ్గర చట్రం పక్కన పసుపు రంగుతో ఒక గీత గీయించండి. పది నిమిషాల పని.

బండ బరువు లెక్కలోనూ ఒక మెలిక ఉంది. గ్రానైట్ ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. కానీ అమ్మకం కాగితంలో రాసేది తరుగు తీసేసిన కొలత. బండి మోసేది తరుగుతో సహా మొత్తం రాయి. 2.7 మీటర్ల పొడవు, 1.6 వెడల్పు, 1.5 ఎత్తున్న బండ అసలు కొలతలో 6.48 ఘనపు మీటర్లు, అంటే 17.5 టన్నులు. అలాంటివి రెండు ఎక్కిస్తే 35 టన్నులు. మూడో చిన్న ముక్క ఎక్కించమని క్వారీలో అడిగితే ఒప్పుకోకండి.

ఫిఫ్త్ వీల్‌ను చట్రం మీద ఎక్కడ బిగించారన్నది కూడా చూసుకోండి. జంట యాక్సిల్ నడిమధ్యకు సరిగ్గా పైన కాకుండా కొంచెం ముందుకు ఉండాలి. ముందు యాక్సిల్ నుంచి జంట యాక్సిల్ మధ్యకు 3.9 మీటర్లున్న బండిలో 35 సెంటీమీటర్లు ముందుకు బిగిస్తే, 18 టన్నుల్లో 1.6 టన్నులు ముందు యాక్సిల్‌కు పోతాయి. ఖాళీగా అక్కడ 5.4 టన్నులుంటే మొత్తం 7, హద్దులోనే. వెనక్కి జరిపి బిగిస్తే స్టీరింగ్ తేలికైపోయి, తడి రోడ్డు మీద ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. మరీ ముందుకు బిగిస్తే ముందు టైర్లు అరుగుతాయి, మలుపులో ట్రైలర్ మూల క్యాబిన్‌కు తగిలే ప్రమాదమూ ఉంది.

ఇక దుమ్ము. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది, అది ఉక్కునే గీరగలిగేంత గట్టిది. క్వారీ దారిలో, కటింగ్ ఫ్యాక్టరీ యార్డులో లేచే ఆ సన్నటి పొడి నేరుగా వచ్చి పలక మీద గ్రీజులో అంటుకుంటుంది. అప్పటినుంచి అది గ్రీజు కాదు, వాల్వులు సాన పట్టడానికి మెకానిక్ వాడే పేస్టే. ప్రతి మలుపులో ట్రైలర్ పలక దాని మీద తిరుగుతుంది, ప్రతి బ్రేకుకూ పిన్ తనను పట్టి ఉంచే దవడలో అటూ ఇటూ రుద్దుకుంటుంది. ఎండాకాలంలో రామగుండం, గోదావరిఖని వైపు ఎండకు చవక గ్రీజు కారిపోయి, మిగిలిన జిడ్డులో రాతిపొడి గట్టి పొరలా పేరుకుంటుంది. బొగ్గు, బూడిద మోసే బండ్లకూ ఇదే బాధ, కాకపోతే వాటి పొడి రాతిపొడంత గట్టిది కాదు కాబట్టి అరుగుదల కాస్త నెమ్మది. వడ్లు, బియ్యం, పత్తి బేళ్లు మోస్తూ వరంగల్, హైదరాబాద్ మధ్య తారు రోడ్డు మీదే తిరిగే బండికి నెలకోసారి శుభ్రం చేస్తే చాలు. క్వారీ బండికి మాత్రం వారానికోసారి తప్పదు.

శుభ్రం చేసే పద్ధతి ఇది. చదునైన గట్టి నేల మీద ట్రైలర్ నిలిపి, చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, ట్రైలర్ ముందు భాగాన్ని నిలిపే లెగ్గులు దించి, ముందు బండిని బయటికి తీయండి. పలక మీద పాత గ్రీజంతా చెక్క బద్దతోనో ప్లాస్టిక్ బద్దతోనో గీకి డబ్బాలోకి తీయండి. నేల మీద పారేస్తే వాన నీటితో పక్క పొలంలోకి పోతుంది. గ్రీజు గాళ్లలో గట్టిపడ్డది స్క్రూడ్రైవర్‌తో తవ్వాలి. తర్వాత కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో దవడ, దాని దగ్గరున్న అరుగుదల రింగు, లాకు కడ్డీ కడిగి, పాత గోనె గుడ్డతో పొడిగా తుడవాలి. తెరిచి ఉన్న దవడలో చెయ్యి పెట్టకండి. స్ప్రింగు బలంతో ఒక్కసారిగా మూసుకుంటే వేళ్లు మిగలవు. లోపల పని ఏదైనా బ్రష్‌తోనో కడ్డీతోనో చేయాలి. ట్రైలర్ కింది పలక, కింగ్ పిన్ కూడా ఇలాగే శుభ్రం చేయాలి. సగం మంది పైది వదిలేసి కిందిదే తుడుస్తారు. పైన మిగిలిన రాతిపొడి తగిలించగానే మళ్లీ కొత్త గ్రీజులో కలుస్తుంది.

సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ నీళ్లు కొట్టించడం దీనికి బదులు కాదు. నీళ్లు పై మురికిని లాకు సందుల్లోకి నెడతాయి, గ్రీజును మాత్రం పూర్తిగా తీయలేవు. ఒకవేళ కొట్టిస్తే, ఆరిన తర్వాత లాకు భాగాలకు మళ్లీ గ్రీజు పెట్టాల్సిందే. జూలై, ఆగస్టు వానల్లో రోజంతా తడిసిన బండికీ అంతే.

గ్రీజు విషయంలో పీనాసితనం వద్దు. లిథియం ఆధారిత, ఎన్‌ఎల్‌జీఐ 2 చిక్కదనం ఉన్న, ఈపీ (ఎక్కువ ఒత్తిడి తట్టుకునేది) అని రాసి ఉన్న, మాలిబ్డినం కలిపిన నల్ల గ్రీజు తీసుకోండి. ఎక్కువ ఒత్తిడి పడే చోట గ్రీజు పొర తెగినా మాలిబ్డినం లోహాన్ని లోహం తాకకుండా అడ్డుపడుతుంది. గాళ్లు నిండా, పలక మీద పల్చగా, దవడ లోపల, పిన్ మెడ చుట్టూ పూయాలి. అర కిలో లోపే సరిపోతుంది. పక్కలకు కారేంత పూస్తే ఆ కారిందే దుమ్మును పట్టి లోపలికి తెస్తుంది. పలకను చట్రానికి కలిపే రెండు పక్కల బ్రాకెట్లలో రబ్బరు దిండ్లు ఉంటాయి, వాటికి గ్రీజు తగలనివ్వకండి.

గ్రీజు గొడవే లేకుండా పిన్ చుట్టూ వేసే ప్లాస్టిక్ బిళ్లలు అమ్ముతున్నారు కదా అని కొందరు అడుగుతుంటారు. అమెరికాలో ఇంటి సామానుతో తిరిగే క్యాంపింగ్ ట్రైలర్లకు అవి బాగా వాడతారు. ఆ ట్రైలర్ల బరువు వేరు, మన బరువు వేరు. పైగా బిళ్ల మందం ఎంతో, ట్రైలర్ పలక అంత పైకి లేస్తుంది. దాంతో పిన్ మెడ దవడలో కూర్చోవాల్సిన ఎత్తు మారిపోతుంది. దవడ పిన్‌ను సరైన చోట పట్టుకోకపోతే మిగతా లెక్కలన్నీ వృథా. పలకలోనే ప్లాస్టిక్ పొర అమర్చి కంపెనీ తయారుచేసే రకాలు వేరు, అవి కొలత చూసి చేసినవి. మామూలు జేఎస్‌కే 37 మీద బయట కొన్న బిళ్ల వేయకండి.

అరుగుదల కొలవడానికి ఒక వెర్నియర్ కాలిపర్ చాలు. రెండు అంగుళాల కింగ్ పిన్‌కు రెండు చోట్ల కొలత తీయాలి. దవడ పట్టుకునే సన్నటి మెడ కొత్తలో 50.8 మి.మీ., 49కి వస్తే పిన్ తీసేయాలి. పైన పలక దగ్గరి లావు భాగం కొత్తలో 73, హద్దు 71. ముందు వెనకలుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, రెండు దిక్కుల్లో కొలవండి. లాగడం, బ్రేకు వేయడం వల్ల పిన్ ముందు వెనకలే ఎక్కువ అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అడ్డంగా మాత్రమే కొలిస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక మూలమట్టం పెట్టి పిన్ పలకకు నిటారుగా ఉందో లేదో చూడండి. ట్రైలర్ కింది పలకకు ఇనుప బద్దను అడ్డంగా ఆనించి, మధ్యలో పలక లోపలికి కుంగిందేమో చూడండి. బండలు దబీమని దించిన ట్రైలర్లలో ఇది తరచుగా కనిపిస్తుంది.

అరిగిన పిన్‌కు వెల్డింగ్ నింపి లేత్ మీద తిప్పిస్తే కొత్తదానిలా అవుతుందని చెప్పే దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆ పని ఎప్పుడూ చేయించకండి. కింగ్ పిన్ వేడిమీద ఆకారం కొట్టి, గట్టిపరిచిన మిశ్రమ ఉక్కు. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోయి, అతుకు అంచున కంటికి కనిపించని పగులు పుడుతుంది. ఆ పగులు తెగేది బండి నిలబడి ఉన్నప్పుడు కాదు, నిర్మల్ ఘాట్ దిగుతూ బ్రేకు తొక్కినప్పుడు. దవడకూ, లాకు కడ్డీకీ ఇదే నియమం. బోల్టులతో బిగించే రకం పిన్ అయితే మార్చడం ఒక పూట పని. వెల్డింగ్ రకమైతే ట్రైలర్ తయారుచేసే షాపులోనే మార్పించాలి. దవడ, అరుగుదల రింగు జోడీగా కిట్‌లో దొరుకుతాయి. కొత్త దవడ వేసి పాత పిన్ ఉంచడం డబ్బు దండగ, అరిగిన పిన్ కొత్త దవడను తొందరగా తినేస్తుంది.

గేరు మార్చినప్పుడల్లా వెనక నుంచి ధడేల్‌మని చప్పుడు వస్తే వెంటనే దవడ మార్చేయాల్సిన పని లేదు. ఆ చప్పుడుకు కారణమైన ఆట, అంటే వదులు కదలిక, నాలుగు చోట్ల ఎక్కడైనా ఉండొచ్చు. ట్రైలర్ బ్రేకు పట్టించి, ముందు బండిని తక్కువ గేరులో కొద్దిగా ముందుకూ వెనక్కీ కదిలించమని డ్రైవర్‌కు చెప్పి, ఒక మనిషి పక్కన సురక్షితంగా నిలబడి టార్చితో చూడాలి. చట్రం మధ్యలోకి దూరకూడదు. పిన్ దవడలో కదులుతుంటే అరుగుదల. మొత్తం పలక బ్రాకెట్ల మీద జరుగుతుంటే రబ్బరు దిండ్లు పోయాయి. బ్రాకెట్లు కింది పలక మీద జరుగుతుంటే బోల్టులు వదులు. కింది పలక చట్రం మీదే జరుగుతుంటే అది అన్నిటికంటే పెద్ద తప్పు, బండి అక్కడే ఆపాలి. బోల్టుల దగ్గర ఎర్రటి తుప్పు పొడి గీతలా కారి ఉందంటే అక్కడ లోహం లోహంతో రుద్దుకుంటోందని గుర్తు.

పిన్ దగ్గరి ఆట కొంతవరకు సర్దుబాటు స్క్రూతో తగ్గించొచ్చు. ఈ మోడల్‌లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే. లాకు నట్టు వదులు చేసి స్క్రూను తిప్పితే లాకు కడ్డీ ఇంకొంచెం లోపలికి వెళ్లి దవడను బిగిస్తుంది. విప్పకుండా, భాగాలు మార్చకుండా అరుగుదలను సర్దుకోవచ్చు. కానీ ఆట పూర్తిగా సున్నా చేయాలని చూడకండి. మరీ బిగిస్తే హ్యాండిల్ బయటికి రాదు, డ్రైవర్ సుత్తితో కొట్టడం మొదలుపెడతాడు, లాకు వంకరపోతుంది. సర్దుబాటు ముందు పిన్ కొలత తప్పనిసరి. పిన్ 49కి దిగిపోయాక స్క్రూ తిప్పడం రోగాన్ని దాచడమే.

హ్యాండిల్ విషయంలోనూ డిజైన్ బాగుంది. విప్పేటప్పుడు హ్యాండిల్‌ను పూర్తిగా లాగి కొక్కేనికి తగిలిస్తే దవడ తెరుచుకునే స్థితికి వస్తుంది. ముందు బండి బయటికి వెళ్లేటప్పుడు పిన్ దవడను తిప్పుతుంది, దాంతో ఫిఫ్త్ వీల్ తర్వాతి తగిలింపుకు తనే సిద్ధమవుతుంది. తగిలించేటప్పుడు సరిగ్గా మూసుకుంటే హ్యాండిల్ పూర్తిగా లోపలికి పోతుంది, అప్పుడు సేఫ్టీ క్లిప్పు తగిలించాలి. హ్యాండిల్ కాస్త బయటికే ఉంటే లాకు పడలేదు, అంతే.

తగిలించే ముందు ట్రైలర్ ఎత్తు సరిచూడాలి. ట్రైలర్ కింది పలక ఫిఫ్త్ వీల్ పలకతో సమానంగా, లేదా 50 మి.మీ. వరకు కిందగా ఉండాలి. ట్రైలర్ ఎత్తుగా ఉంటే పిన్ దవడ పైనుంచి జారిపోయి దాని మీద కూర్చుంటుంది. చూడటానికి తగిలినట్టే ఉంటుంది, కొంత దూరం లాగుతుంది కూడా, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర విడిపోతుంది. అందుకే వెనక్కి వచ్చాక మూడు తనిఖీలు. ట్రైలర్ బ్రేకు పట్టించి తక్కువ గేరులో మెల్లగా ముందుకు లాగి చూడటం, రెండు పలకల మధ్య సందు లేదని చూడటం, వెనక నుంచి టార్చి వేసి దవడ పిన్ మెడ చుట్టూ పట్టిందని కళ్లారా చూడటం. రాత్రిపూట ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గరో రైస్ మిల్లులోనో చీకట్లో ట్రైలర్ మార్చే బండ్లలో టార్చి తప్పనిసరి సామాను.

ఆ తర్వాతే గాలి పైపులు. ముందు పసుపుది, తర్వాత ఎర్రది. ఎర్రదానిలో గాలి రాగానే ట్రైలర్ బ్రేకులు వదులుతాయి కాబట్టి అది చివర. విప్పేటప్పుడు ఎర్రది ముందు. పైపు మూతుల్లో రబ్బరు వాషర్లు రాతిపొడికి చిరుగుతాయి, ఎప్పుడూ రెండు జతలు దగ్గర పెట్టుకోండి. లైట్ల ప్లగ్గు, ఏబీఎస్ ప్లగ్గు వేరువేరు. ఏబీఎస్‌ది వదిలేసి నడిపే అలవాటు చాలామందికి ఉంది, తడి రోడ్డు మీద ట్రైలర్ పక్కకు మడత పడే ప్రమాదాన్ని అది పెంచుతుంది.

ఈ ఫిఫ్త్ వీల్‌కు క్వారీ దారిలో ఒక పరిమితి ఉంది. పలక ముందు వెనకలకు బాగా వంగుతుంది, పక్కలకు వంగే వీలు చాలా తక్కువ, రబ్బరు దిండ్లు ఒదిగినంతే. క్వారీ గుంతలోంచి ర్యాంపు ఎక్కుతూ ముందు బండి ఒక పక్కకు, ట్రైలర్ ఇంకో పక్కకు ఒరిగితే ఆ మెలి అంతా బ్రాకెట్ల మీదా చట్రం మీదా పడుతుంది. ఇది ఈ రకం రోడ్డు కప్లింగులన్నిటికీ ఉన్న లక్షణమే. పైకి వచ్చే మలుపును వెడల్పుగా, చదునుగా ఉంచమని క్వారీ వాళ్లను అడగడం, ర్యాంపు మీద బండిని నిటారుగా ఉంచి మెల్లగా ఎక్కించడమే మందు. పూర్తిగా రోడ్డు లేని చోట తిరిగే బండి అయితే పక్కలకు కూడా ఊగే రకం అడగాలి, జేఎస్‌కే 37 దానికి కాదు.

లెగ్గుల గురించి రెండు మాటలు. వేగం గేరు ఖాళీగా దించడానికే, బరువు పడ్డాక నెమ్మది గేరే వాడాలి. వరంగల్, జమ్మికుంట వైపు నల్లరేగడిలో వానాకాలం లోడు ట్రైలర్‌ను లెగ్గుల మీద వదిలితే తెల్లారేసరికి దిగబడుతుంది, కింద దళసరి చెక్కలు పెట్టాలి.

ట్రైలర్ బ్రేకులు వదులుగా ఉంటే ఆ శిక్ష కూడా ఫిఫ్త్ వీల్‌కే. ముందు బండి ఆగుతుంటే వెనక నుంచి 45 టన్నులు నెడుతుంది, ఆ దెబ్బ పిన్, దవడ తింటాయి. గాలితో బ్రేకును నెట్టే టైప్ 30 చాంబర్లలో బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు పుష్ రాడ్ 50 మి.మీ. దాటి బయటికి వస్తే సర్దుబాటు కావాలి. ఆ సర్దుబాటును తమంతట తామే చేసే ఆటో స్లాక్ అడ్జస్టర్లు ఉన్నా కొలవాల్సిందే. అవి పాడైతే చెప్పవు. గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్లు రోజూ వదలండి.

కొనేటప్పుడు పలక పక్కన బిగించిన నేమ్ ప్లేట్ చదవండి. మోడల్ పేరు, డీ విలువ, పై బరువు, సీరియల్ నంబరు, ఆమోద ముద్ర ఉండాలి. నేమ్ ప్లేట్ లేని సరుకును ధర ఎంత తక్కువైనా వదిలేయండి. అదే ఆకారంలో పోతపోసిన నకళ్లు మార్కెట్లో తిరుగుతున్నాయి, వాటి పోత నాణ్యత పైకి చూసి చెప్పలేం. బిగింపు కంపెనీ ఇచ్చిన బోల్టులతో, వాటి తల మీద 8.8 లేదా 10.9 అని ఉన్నవాటితో, కాగితంలో రాసిన టార్కుకు టార్క్ రెంచితో చేయించండి. బిగించాక ప్రతి నట్టు మీద తెల్ల రంగు గీత గీయించండి, వదులైతే గీత పక్కకు జరిగి కనిపిస్తుంది. మొదటి లోడు తర్వాత ఇంకోసారి బిగింపు చూడాలి. చట్రం కమ్మీ పై అంచుకు, కింది అంచుకు రంధ్రాలు చేస్తామన్నా, కింది పలకను చట్రానికి వెల్డ్ చేస్తామన్నా ఒప్పుకోకండి. చట్రం పగులు అక్కడినుంచే మొదలవుతుంది.

పాత బండి నుంచి తీసిన ఫిఫ్త్ వీల్ కొనేవాళ్లూ ఉన్నారు. తప్పు లేదు, కానీ దాన్ని పూర్తిగా కడిగి, రంగు లేకుండా చూడాలి. కొత్తగా రంగు పూసి మెరిపించిన పాత సరుకు అంటే ముందే అనుమానించండి. గ్రీజు గాళ్లు దాదాపు కనిపించనంతగా పలక అరిగి ఉంటే దాని పని అయిపోయినట్టే. మిగతాది బాగుంటే పగుళ్ల పరీక్షకు రంగు స్ప్రే వాడండి. మూడు డబ్బాల సెట్టు హార్డ్‌వేర్, వెల్డింగ్ సామాను దుకాణాల్లో దొరుకుతుంది. క్లీనర్‌తో తుడిచి, ఎర్రరంగు చల్లి పది నిమిషాలు ఆగి, పైరంగు గుడ్డతో పూర్తిగా తుడిచేసి, తెల్ల డెవలపర్ చల్లాలి. బ్రాకెట్ పిన్నులు దూరే కన్నాల చుట్టూ, దవడ ఇరుసు దగ్గర, పిన్ లోపలికి దూరే గొంతు రెండు పక్కలా, పలక కింది పక్కటెముకల మూలల్లో చూడండి. తెలుపు మీద వెంట్రుకంత ఎర్రగీత కనిపించినా ఆ పలక తుక్కు కిందే లెక్క. గీత లేకపోతే కొత్త దవడ, రింగు కిట్ ధర కూడా కలుపుకుని బేరం ఆడండి.